పుట్టగొడుగు ఏ రాజ్యానిది?



సాంస్కృతికోత్సవంలో జీవశాస్త్రం ఏమిటని కొందరికి తోచవచ్చు. మా అబ్బాయి ఇక్కడి బడిలో చిన్న తరగతులు చదివేనాటి సంగతి. వాడు హోంవర్కులో పుట్టగొడుగును మొక్కలలో చేర్చక, వేరే గడిలో వ్రాసుకున్నాడు. మేము పట్టుబట్టి దిద్దించాం. మరునాడు అది తప్పయింది. "మీరు చెప్పారనే మార్చాను నాన్నా" అన్నాడు. ఆ మాట చాలాకాలం గుచ్చుకుంది. ఆ తరువాతే మేము పుస్తకాలు తిరగవేశాం.

మేము చదువుకున్నప్పుడు జీవులకు రెండే రాజ్యాలు: వృక్షరాజ్యం, జంతురాజ్యం. 1735లో లిన్నేయస్ చేసిన విభజనే అది. ఆయన ఖనిజాలకూ ఒక రాజ్యమిచ్చాడనుకోండి. ఎటూ పొసగని సూక్ష్మజీవుల కోసం 1866లో హెకెల్ మరొకటి చేర్చాడు. 1969లో ఈ దేశపు శాస్త్రజ్ఞుడు విట్టేకర్ ఐదు రాజ్యాలు ప్రతిపాదించాడు. కణనిర్మాణంతోపాటు, ఏ జీవి అన్నం ఎలా సంపాదించుకుంటుందో కూడా ఆయన చూశాడు. మొక్క ఎండలో తన వంట తానే చేసుకుంటుంది. జంతువు మింగి అరిగించుకుంటుంది. పుట్టగొడుగు తిండి మీదికే జీర్ణరసాలు వదిలి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. వంటే రానిదాన్ని మొక్క అనడమెలా?

పైగా దాని కణాల గోడలో ఉన్నది రొయ్య పెంకులో ఉండే కైటిన్. అది దాచుకునేది మన కాలేయంలో ఉండే గ్లైకోజెన్. జన్యు పరిశోధనలు కూడా శిలీంధ్రాలు మొక్కలకంటె జంతువులకే దగ్గరి చుట్టాలని తేల్చాయి. (శాకాహారులు కంగారు పడనక్కరలేదు, చుట్టమే గాని జంతువు కాదు.) ఈ చుట్టరికమే వైద్యులకు చిక్కు. శిలీంధ్రాన్ని చంపే మందు మన కణాలనూ బాధించవచ్చు. అందుకే అటువంటి మందులు తక్కువ.

ఇక్కడి రొట్టెను పొంగించే ఈస్ట్ శిలీంధ్రమే. మన ఇడ్లీ పిండిని పులియబెట్టేవి మాత్రం ముఖ్యంగా బాక్టీరియా. గోబర్ గ్యాసులో మీథేను తయారుచేసే జీవులను కూడా బాక్టీరియా అనే అనుకునేవారు. 1977లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో వోస్, ఫాక్స్ వాటి రైబోసోముల ఆర్.ఎన్.ఏ.ను పోల్చి, అది వేరే వంశమని చూపారు. అవే ఆర్కియా. 1990లో వోస్, మరి ఇద్దరు కలిసి రాజ్యాలన్నిటికీ పైన మూడు డొమైన్లు పెట్టారు: బాక్టీరియా, ఆర్కియా, యూకేరియా. ఈ మూడవదానిలో చెట్టూ పుట్టగొడుగూ మనమూ ఒకే గూటివాళ్ళం.

ఆ ఏడే మావాడు వైరస్‌ది ఏ రాజ్యమని అడిగాడు. దానికి కణమే లేదు గనుక ఈ లెక్కలలో ఎక్కడా చేర్చలేదని చదివి చెప్పాం. వాడు వ్రాసుకున్నది మాత్రం దిద్దలేదు.