బాస్ తిడితే పని బాగవుతుందా?

"నాలుగు తిడితేనే పని జరుగుతుంది" అని మన దగ్గర చాలామంది అంటుంటారు. నిజమా? ముందు నా కథ వినండి, తర్వాత మీరే తేల్చండి.

మాది ఎమ్మిగనూరు. డిగ్రీ అయినాక ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి దగ్గర లెక్కలు రాసే పనిలో చేరాను. రోజూ బస్సులో సుమారు 30 కిలోమీటర్లు. సీజన్‌లో ఆదోని మార్కెట్ యార్డు చూసినోళ్లకు తెలుసు, కర్ణాటక పల్లెల నుంచి కూడా బండ్లొస్తాయి, తల ఎత్తే టైం ఉండదు. పని నాకిష్టమే. కష్టమంతా మా మేనేజర్ నోటితోనే. "నీకు డిగ్రీ ఎవడిచ్చినాడ్రా?" అని హమాలీల ముందు, రైతుల ముందు అనేవాడు. ఒకరోజు తోటి గుమాస్తా మీదికి లెక్కల పుస్తకం విసిరేశాడు.

ఆ వారమే నేనో తప్పు చేశాను. ఇద్దరు రైతుల తూకాలు తారుమారుగా రాశాను. 18 క్వింటాళ్లు తెచ్చిన పెద్దాయన పేరు మీద 13 పడింది. మధ్యాహ్నమే చూసుకున్నా. అప్పటికింకా డబ్బులివ్వలేదు. చెప్పుంటే పది నిమిషాల్లో సరిపోయేది. కానీ కళ్ల ముందు ఆ విసిరిన పుస్తకమే. నోరు రాలేదు. సాయంత్రం డబ్బులు చెల్లించేశారు.

మూడో రోజు ఆ పెద్దాయన కాటా చీటీ పట్టుకుని వచ్చాడు. ఇంటికి పోయాక మనవడు చదివి చెప్పాడంట. "నా 5 క్వింటాళ్లు ఏమైనాయి నాయనా?" అన్నాడు. లెక్క సరిచేసి ఆయన డబ్బు ఆయనకిచ్చారు. కానీ తెలిసి కూడా మూడు రోజులు దాచింది నేనే కదా! ఆ రాత్రి ఇంటికి పోయి, అన్నం చల్లారిందని అమ్మ మీద అరిచాను. అచ్చం మా మేనేజర్ గొంతుతో.

తర్వాత దీని గురించి చదివాను. అమెరికాలో బెనెట్ టెప్పర్ అనే పరిశోధకుడు 2000లో ఇదే విషయం మీద పేపర్ రాశాడు. తిట్టే బాస్ దగ్గర పనిచేసేవాళ్లలో దిగులు, ఇంట్లో గొడవలు ఎక్కువ. వేరే ఉద్యోగం దొరకడం కష్టమైనవాళ్లకు దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. మన చిన్న ఊర్ల పరిస్థితి అదే కదా. ఏమీ ఎడ్మండ్‌సన్ అనే ఇంకో పరిశోధకురాలు ఆసుపత్రుల్లో చూస్తే, మంచి టీముల్లోనే తప్పులు ఎక్కువ నమోదయ్యాయి. ఎందుకంటే వాళ్లు భయం లేకుండా చెప్పుకునేవాళ్లు. అంటే భయం తప్పును ఆపదు, దాచిపెడుతుంది.

స్ట్రిక్ట్‌గా ఉండడం వేరు. "ఈ లెక్క తప్పు, మళ్లీ రాయి" అంటే అది పని నేర్పడం. "నువ్వు దేనికీ పనికిరావు" అంటే అది మనిషిని విరగ్గొట్టడం.

మరి ఏం చేయాలి? ఏ రోజు, ఎవరి ముందు, ఏమన్నాడో ఫోన్‌లో రాసి పెట్టుకోండి. నమ్మకమున్న ఒక్కరికైనా చెప్పండి. నిద్ర పట్టకుంటే, మనసు బాగా లేకుంటే టెలీ మానస్ 14416కు చేయండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. జీతం పట్టి ఉంచితే కార్మిక శాఖ ఆఫీసుకు పోండి. లైంగిక వేధింపులకు 2013 చట్టం, కులం పేరుతో దూషిస్తే 1989 ఎస్సీ, ఎస్టీ చట్టం ఉన్నాయి. ఇంకో పని చూసుకున్నాకే మానేయండి, నేనట్లే చేశాను.

ఇప్పుడు నా కింద ఇద్దరు పిల్లలు పనిచేస్తున్నారు. మొన్న ఒకడొచ్చి, "అన్నా, తప్పు రాసినా" అన్నాడు. కోపం గొంతు దాకా వచ్చింది. పెద్దాయన చీటీ గుర్తొచ్చింది. "చెప్పినావు, మంచి పని చేసినావు. దా, సరిచేద్దాం" అన్నా. అయిదు నిమిషాల్లో అయిపోయింది.

మీ కింద కూడా రేపు ఒకరుంటారు. వాళ్లు మీ దగ్గరికి తప్పు తెచ్చి చెప్పగలరా? ఆలోచించండి. మళ్లీ కలుద్దాం, ఉంటా.