ఓడల గొర్లు, ఎడారిల మనోళ్లు
(సుల్తానాబాద్‌లో మన కూటంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సముద్రం లేని సుల్తానాబాద్‌ల కూసోని సముద్రం మీద పోయే గొర్ల ముచ్చట ఎందుకని కొందరు అడిగిండ్రు. మా జవాబు చిన్నది. కోతకు పోయే గొర్రె ఓడెక్కి గల్ఫుకు పోతది. దాన్ని కాసెటోడు మన వాడల నుంచి విమానమెక్కి అక్కడికే పోతడు. ఇద్దరూ ఒకే ఎడారిల కలుస్తరు. తోట పని అని, ఇంటి పని అని వీసా చేతుల పెట్టి, తీస్కపోయి గొర్ల కాడ, ఒంటెల కాడ ఇడిసిపెట్టిన కథలు కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలల్ల ఎన్ని ఇన్లేదు మనం? అందుకే ఇది మన ముచ్చట.

ముందుగాల ఈ వ్యాపారం ఏందో చూద్దాం. మాంసం పంపితే మంచుపెట్టెల పోతది. పానమున్న జీవాన్ని పంపితే దానికి మేత కావాలె, నీళ్లు కావాలె, గాలి కావాలె. ఓడల అంతస్తు మీద అంతస్తు కట్టి వేల జీవాలను కుక్కుతరు. ఉక్కకు, పెంట ఆవిరికి ఊపిరాడక కొన్ని దారిలనే చస్తయి. 2020 సెప్టెంబర్‌లో న్యూజిలాండ్ నుంచి చైనాకు పోతున్న గల్ఫ్ లైవ్‌స్టాక్-1 అనే ఓడ జపాన్ దగ్గర తుపానులో మునిగింది. అందులో దాదాపు 5,800 ఆవులు, 43 మంది మనుషులు. బతికింది ఇద్దరే. పోయినోళ్లల్ల ఎక్కువ మంది ఫిలిప్పీన్స్ నుంచి పొట్టకూటికి వచ్చినోళ్లు. 2022 జూన్‌లో సూడాన్‌లోని సువాకిన్ రేవులో సౌదీకి పోవాల్సిన ఓడ మునిగింది. 9,000 జీవాలు పట్టే ఓడల 15,000కు పైగా గొర్లను ఎక్కించిండ్రని అక్కడి అధికారులే చెప్పిండ్రు. కొన్ని వందలు తప్ప అన్నీ మునిగినయి. జీవానికి విలువ లేని కాడ దాని ఎనుక నడిచే కూలోనికి గూడ విలువ ఉండదు.

ఇవన్నీ చూసి న్యూజిలాండ్ 2023లో ఓడల మీద జీవాలను పంపుడు బందు పెట్టింది. బ్రిటన్ 2024లో కోతకు, మేపుడుకు పంపుడును చట్టం చేసి ఆపింది. ఆస్ట్రేలియా 2028 మే నుంచి ఓడల మీద గొర్లను పంపొద్దని చట్టం చేసింది.

మన దేశం సంగతేంది? జీవాల దిగుమతి మీద ఇంగ్లీషోళ్లు 1898లో చేసిన చట్టమే ఉన్నది. ఎగుమతిని గూడ కలిపి కొత్త బిల్లు తెస్తమని కేంద్రం 2023 జూన్ 7న ముసాయిదా పెట్టింది. లొల్లి అయినంక జూన్ 20న వాపసు తీసుకున్నది. అంతకుముందు 2018లో నాగపూర్ నుంచి షార్జాకు గొర్లను, మేకలను విమానంల పంపుతమన్నరు. ధన్‌గర్లకు, అంటే మన కుర్మోళ్ల లెక్క మంద మీద బతికెటోళ్లకు, లాభమన్నరు. జైన సంఘాలు వద్దంటే ఆగింది. రెండు సార్లూ ఒక దిక్కు ఎగుమతి చేసెటోళ్లు, ఒక దిక్కు జంతు ప్రేమికులు. మంద కాసెటోన్ని, లారీకి ఎక్కించెటోన్ని, తోలు తీసెటోన్ని ఎవరడిగిండ్రు?

రూల్సు లేక గాదు. 1978 నాటి రవాణా నియమాల ప్రకారం ఒక లారీల ఆరు గొడ్ల కంటె ఎక్కువ ఎక్కించొద్దు. కాళ్లు జారకుండ కింద పట్టా ఉండాలె. చూసుకునెటందుకు ఒక మనిషి ఉండాలె. మరి మన రోడ్ల మీద పోయే లారీలల్ల ఆరే ఉంటున్నయా? 1960 నాటి చట్టంల జీవాన్ని హింసిస్తే మొదటిసారి జుర్మానా ఎంతో తెలుసా? 10 రూపాయల నుంచి 50 రూపాయలు! సేటుకు అది బీడీల ఖర్చు. కానీ నడిరోడ్డు మీద లారీ ఆపి కొట్టేది సేటును గాదు, క్లీనరును, డ్రైవరును. 2002 అక్టోబర్‌లో హర్యానాలోని ఝజ్జర్ దగ్గర అయిదుగురు దళితులను గుంపు కొట్టి చంపింది. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న మన పోరగాండ్లను కట్టేసి కొట్టిండ్రు. ఆవుకు అమ్మ అని పేరు పెట్టినోళ్లే మనిషిని మనిషి అనలే.

గీ కోపంతోని మన యువకులు కొందరు, జీవాల మీద దయ అగ్రకులపోళ్ల నాటకం, మనకెందుకు అంటున్నరు. కోపం న్యాయమైనదే. మాట మాత్రం మేము ఒప్పుకోం. గొడ్డుతోని మన బతుకెంతో వాళ్ల బతుకెంత? దొరల కాలంల చచ్చిన గొడ్డును ఈడ్సింది మనం, మోట బొక్కెన కుట్టింది మనం, పైస లేకుండ వెట్టి చేసింది మనం. కట్టేస్తే నొప్పెంతో, దూపైతే గొంతెట్ల ఎండుతదో మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లే. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మనోళ్లతో చేయించిన 22 ప్రతిజ్ఞలల్ల సకల జీవుల మీద కరుణ గూడ ఒకటి. ఆయననే బుద్ధుని గురించి రాస్తూ, అవసరానికి చంపుడు వేరు, చంపాలన్న కోరికతో చంపుడు వేరు అని తేడా చెప్పిండు. ఆకలికి తినుడు అవసరం. దూపతోని, ఊపిరాడక చంపుకుంట సముద్రం దాటించుడు ఏ అవసరం?

మాంసం చేసి పంపే దారి మన కాడ లేదా? అప్పటి మెదక్ జిల్లా రుద్రారంల అల్ కబీర్ కబేళా పెట్టి బర్రె మాంసం గల్ఫుకు పంపిండ్రు. దాని మీద సుప్రీంకోర్టు దాకా కొట్లాడిండ్రు. పానంతోని పంపొద్దనెటోళ్లు, కోసి గూడ పంపొద్దంటే పేదోని ముసలి ఎద్దును ఎవరు సాకాలె? 2017 మేలో పశువుల సంతలల్ల కోతకు అమ్మొద్దని కేంద్రం రూలు తెచ్చింది. ఆ జులైలో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతట ఆపింది. లారీల నీళ్లు పెట్టని సేటును వదిలి, అంగడిల ఎద్దును అమ్ముకునే పేద రైతును పట్టే రూలు జీవకారుణ్యం గాదు.

మరి మనమేమడగాలె?

ఒకటి, పానమున్న జీవాలను కోతకోసం ఓడలెక్కించొద్దు. జిల్లాలనే మంచి కబేళా, శీతల గిడ్డంగి పెట్టాలె. ఆ పని మీద బతికే కులాలకు సరైన కూలి, చేతులకు రక్షణ, గౌరవం ఉండాలె.

రెండు, లారీకి ఆరు గొడ్లన్న రూలు అమలు కావాలె. శిక్ష సరుకు యజమానికి పడాలె. తనిఖీ చేసేది సర్కారు ఉద్యోగి, కట్టె పట్టుకున్న గుంపు గాదు.

మూడు, గల్ఫుల గొర్లు కాసెటోళ్లను కార్మికులుగా లెక్కపెట్టాలె. సౌదీ కార్మిక చట్టం ఇంటి పనోళ్లను, కాపర్లను బయటనే ఉంచింది. అక్కడి సర్కారుతోని మన సర్కారు మాట్లాడాలె. పాస్‌పోర్టు గుంజుకునుడు, జీతం ఆపుడు మీద మన రాయబార కార్యాలయం కదలాలె.

లారీల గొడ్డుకు ఇంత జాగ అని కాయిదం మీదన్న రాసిండ్రు. ఎడారిల మన తమ్మునికి ఎంత జాగ, ఎన్ని నీళ్లని ఎక్కడ రాసిండ్రు? రెండింటినీ కలిపి అడుగుదాం. ఊరికి పోయినంక ఒక పని చేయుండ్రి. మీ వాడ నుంచి కాపరి పనికి పోయినోళ్ల పేర్లు, వాళ్లను పంపిన ఏజెంటు పేరు ఒక కాయిదం మీద రాసి వచ్చే కూటానికి తెండ్రి. ఆ కాయిదాలు పట్టుకొని కలెక్టరాఫీసుకు పోదాం.

జై భీం!