ప్రతిదినము ముప్పావుగంట

(శతవార్షికోత్సవ సభలలో సంఘ సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



చదువుట, వినుట అనే రెండు అలవాట్లతో మనిషి తన్ను తాను దినదినము ఎలా దిద్దుకోగలడో చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. విషయము చిన్నదిగా కనిపిస్తుంది. నూరేళ్ల పండుగనాడు మందిరములెన్ని, బడులెన్ని, ఆసుపత్రులెన్ని అని లెక్క చెప్పుకోవడము సహజము. చెప్పుకోవలసినదే. కాని నేనడిగే లెక్క వేరు. మన ఇళ్లలో రాత్రి భోజనములైన తరువాత, నిద్రకు ముందు ఏమి జరుగుతున్నది? ఆ వేళ ఒక పుస్తకము తెరుస్తున్నామా? ఒకరు చెప్పేది ఇంకొకరు వింటున్నారా? రాబోయే నూరేళ్లలో మన సంఘముల బుద్ధిబలము ఎలా ఉంటుందన్నది చాలవరకు ఈ ప్రశ్నకు మనమిచ్చే జవాబు మీద ఆధారపడి ఉన్నది.

మన పెద్దలను ఒక్కసారి తలచుకోండి. వారిలో చాలమందికి అక్షరము రాదు. పగలంతా కూలిపని, పాలేరుతనము. రాత్రి దీపపు వెలుతురులో ఉపదేశి చెప్పగా విని, తిరిగి చెప్పి, కంఠస్థము చేసుకున్నారు. పురుషోత్తమ చౌదరిగారు మొదలైనవారు 19వ శతాబ్దములో వ్రాసిన కీర్తనలు పుస్తకము పట్టనెరుగని వారి నోళ్లలోనే ఊరూరా తిరిగాయి. హరికథ, బుర్రకథ, పురాణ కాలక్షేపము ఏది తీసుకున్నా, ఈ నేలమీద సామాన్యుని విద్యకు చెవియే మొదటి బడి.

తరువాత ఇంటిలో ఒక బిడ్డకు అక్షరము వచ్చింది. ఆ బిడ్డ చదివితే ఇల్లంతా విన్నది. ఉత్తరము వచ్చినా, పట్టా కాగితము వచ్చినా, ప్రామిసరీ నోటుమీద వేలిముద్ర వేయవలసి వచ్చినా ఆ బిడ్డనే పిలిచారు. అంతకుముందు ఎదుటివాడు చదివిపెట్టినదే వేదము. యాభై ఇచ్చి నూరని వ్రాసుకున్నా అడగడానికి నోరుండేది కాదు. ఆ బాధ ఎరిగినవారు గనుకనే ఒక పూట తిని ఒక పూట మాని బిడ్డలను బడికి పంపారు.

అంత ఖరీదు పెట్టి సంపాదించిన అక్షరమును మనమేమి చేస్తున్నాము? పరీక్షవరకు చదువుతాము. ఉద్యోగము రాగానే పుస్తకమును అటక ఎక్కిస్తాము. చూరులో చెక్కిన కొడవలి తుప్పు పట్టినట్లే, వాడకము లేని చదువు కూడ మొద్దుబారుతుంది. పెద్దలు చెవితో సంపాదించినది పోయి, మనము కంటితో సంపాదించవలసినది రాక, రెంటికి చెడిన వారమవుతామేమోనని నా భయము.

'తీరిక లేదండీ' అని చాలమంది అంటారు. తీరిక సంగతి ఎలా ఉన్నా, వేళ నియమము లేకపోవడమే అసలు లోపమని నా అభిప్రాయము. ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. ఆ రోజులలో ఒక ప్రసంగము వినాలంటే ఆ వేళకు రేడియో దగ్గర కూర్చోవలసిందే. తప్పితే పోయినట్లే. పంచాయతీ రేడియో చుట్టూ రైతులు వేళకు చేరేవారు. నేడు చేతిలోని ఫోనులో ప్రసంగములు, పాఠములు, పుస్తక పఠనములు వేలకొలది ఉన్నాయి. ఎప్పుడైనా వినవచ్చును. ఎప్పుడైనా వినవచ్చు గనుకనే ఎప్పుడూ వినడము లేదు. ఇప్పుడు మనకు వేళ చెప్పేవారు లేరు. కాబట్టి ఆ వేళను మనమే పెట్టుకోవాలి. దినచర్య అంటే ఇంతకంటె పెద్ద అర్థమేమీ లేదు.

'రోజూ కొంచెము కొంచెము ఎందుకు? సెలవురోజున ఒకేసారి నాలుగు గంటలు చదివితే చాలదా?' అని యువకులు అడుగుతారు. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మను పండితుడు తన జ్ఞాపకశక్తిని తానే పరీక్షించుకొని 1885లో ఒక గ్రంథము ప్రకటించాడు. అర్థము లేని అక్షరముల వరుసలను వల్లెవేసి, ఎంతకాలానికి ఎంత మరచిపోతున్నాడో కొలిచాడు. మరపు మొదటి గంటలోనే మిక్కిలి వేగముగా వస్తుందనీ, తరువాత దాని వేగము తగ్గుతుందనీ కనుగొన్నాడు. ఆయన కొలత ప్రకారము ఒక దినము గడిచేసరికి మిగిలినది ఇంచుమించు మూడవ వంతు. ఇంకొక సంగతి కూడ ఆయనే కనుగొన్నాడు. ఒకేరోజున 68 సార్లు వల్లెవేస్తే కలిగిన ఫలితము, మూడు రోజులకు పంచి 38 సార్లు వల్లెవేసినా కలిగింది. అర్థముగల మాటలను మనము అంత త్వరగా మరువము. అయినా సూత్రము మారదు. ఒక్క జడివానకు గట్లు తెగుతాయి, పైరు నిలవదు. మడవ తిప్పి వేళకు పెట్టిన తడియే పంటను నిలుపుతుంది.

లెక్క కూడ వేసి చూడండి. దినమునకు పది పుటలు చదివితే ఏడాదికి 3,650 పుటలు. 200 పుటల పుస్తకములు పద్దెనిమిది. పది కుదరదా, అయిదు చదవండి. తొమ్మిది పుస్తకములు. పదేళ్లు గడిచేసరికి తొంభై పుస్తకములు చదివినవారు మన సంఘములో ఎందరున్నారు? రోజుకు అయిదు పుటల వాడు ఆ జాబితాలోకి వస్తాడు.

చదువుట ఒక్కటే చాలదా, వినుట ఎందుకు అనే ప్రశ్న ఉన్నది. రెండింటి పని వేరు. వినేటప్పుడు మాటలోని ఉచ్చారణ, ఒడుపు, మనసులోని వేడి తెలుస్తాయి. చేతులు పనిలో ఉన్నా చెవి ఖాళీయే గనుక వంట చేస్తూ, కుట్టుపని చేస్తూ, బస్సులో నిలబడి కూడ వినవచ్చును. కాని విన్నది నిలవదు. వక్త ముందుకు పోతాడు, మనకోసము ఆగడు. పుస్తకము ఆగుతుంది. అర్థము కాని వాక్యమును పదిసార్లు చదవనిస్తుంది, గీత గీసుకోనిస్తుంది, రచయితతో విభేదించడానికి వ్యవధినిస్తుంది. వినికిడి ఆసక్తిని రేపుతుంది, చదువు దానికి నిలకడనిస్తుంది. రెండూ కలిసినప్పుడే మనిషి ఎదుగుతాడు.

అపొస్తలుల కార్యములలో ఐతియొపీయుల రాణి కొలువులోని అధికారి కథ మీకందరకు తెలిసినదే. ఆయన రథములో కూర్చుండి చదువుకుంటున్నాడు. పైకి చదువుతున్నాడు గనుకనే ఫిలిప్పు చెవిని పడింది. చదివినది గ్రహించావా అని ఫిలిప్పు అడిగాడు. తనకు తెలియదని ఆ పెద్ద ఉద్యోగి సిగ్గుపడక ఒప్పుకొని, ఆయనను ప్రక్కన కూర్చుండబెట్టుకొని విన్నాడు. చదువు, ప్రశ్న, వినికిడి అనే మూడూ ఆ ప్రయాణములో కలిశాయి. ప్రయాణ సమయము వృథా కాలేదు.

ప్రయాణమంటే మన ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమము జ్ఞాపకము వస్తుంది. బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయము ఏర్పడింది. 1914లో అక్కడనే గ్రంథాలయ ప్రతినిధులు సభ చేసి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించారు. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు దానికి జీవితమునే ధారపోశారు. 1935లో పాతూరి నాగభూషణంగారి పూనికతో గుంటూరు సీమలో పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువ పడవలో గ్రంథాలయము నడిపారు. పడవ మెల్లగా పోతుంది, ప్రయాణికునికి చేయడానికి పని లేదు. ఆ ఖాళీ వేళను వారు కనిపెట్టి అందులో పుస్తకము పెట్టారు. మన దినములో కూడ అలాంటి కాలువ ప్రయాణములు ఎన్నో ఉన్నాయి. బస్సు కోసము చూచే పావుగంట ఒకటి, ఆసుపత్రి వరండాలో కూర్చునే అరగంట ఒకటి.

ఒక మనిషిని కూడ చెప్పుకుందాము. కవి గుర్రం జాషువాగారు 1895లో వినుకొండలో పేద ఇంట పుట్టారు. కులము పేరిట పడిన అవమానములు కొన్ని కావు. అయినా జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి వద్ద సంస్కృత కావ్యపాఠములు విన్నారు. మాటలు లేని సినిమాల కాలములో రాజమండ్రిలో తెరప్రక్క నిలిచి ప్రేక్షకులకు కథ వినిపించే ఉద్యోగము చేశారు. ఉపాధ్యాయుడై బిడ్డలకు చెప్పుతూ తాను చదువుతూనే ఉన్నారు. ఉభయభాషాప్రవీణులయ్యారు.  గబ్బిలము వచ్చేసరికి ఆయన వయస్సు నలభై దాటింది. ఇంత వయస్సు వచ్చింది, ఇంకేమి చదువు అనేవారు ఈ సంవత్సరముల లెక్కను గుర్తుంచుకోవాలి.

ఇక ఆచరణకు వస్తాను. నేను కోరేది దినమునకు మూడు పావుగంటలు.

మొదటి పావుగంట ఉదయము, చదువుకు. ఇల్లు పూర్తిగా మేలుకొనకముందు, ఫోను ముట్టకముందు. పుస్తకము ముందురోజు రాత్రే బల్లమీద సిద్ధముగా ఉండాలి. పొద్దున లేచి వెతకవలసి వస్తే పావుగంట వెతకడానికే సరిపోతుంది. ఒక పుస్తకము ముగిసేవరకు రెండవది తెరవకండి. ఒక నెల చరిత్ర, ఒక నెల ఆరోగ్యము, ఒక నెల కథలు, ఒక నెల చట్టము ఇలా మార్చుకుంటే విసుగు పుట్టదు.

రెండవ పావుగంట పగటివేళ, వినికిడికి. ఏది వినాలో ముందుగానే నిర్ణయించుకోండి. ఫోను తనంతట తాను ముందుకు తోసినది వింటే అది వినోదమే గాని వినికిడి కాదు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. నేడు మందుల గురించి, మతముల గురించి, ఓట్ల గురించి ఎవరు చెప్పారో తెలియని మాటలు గంటలో ఊరంతా తిరుగుతున్నాయి. మన తాతలను వ్రాతతో మోసగించారు. మనలను మాటతో మోసగిస్తున్నారు. విన్నదానిని చదివి సరిచూచుకునే అలవాటే దీనికి విరుగుడు. సరిచూడనిదే ఇంకొకరికి పంపకండి.

మూడవ పావుగంట రాత్రి, ఇంటిల్లిపాదికి. ఒకరు పైకి చదవాలి, తక్కినవారు వినాలి. 2011 జనాభా లెక్కల ప్రకారము అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్లు, ఆ పైబడిన వారిలో అక్షరాస్యులు సుమారు 67 శాతము, స్త్రీలలో సుమారు 59 శాతమే. అనగా అప్పటికి ప్రతి పదిమంది స్త్రీలలో ఇంచుమించు నలుగురికి చదవడము వచ్చేది కాదు. వారు ఎక్కడివారో కాదు, మన అమ్మమ్మలు, నాయనమ్మలు, అత్తలు. ఏ చేతులు పస్తులుండి మనకు పలక కొనిచ్చాయో ఆ చేతులు పుస్తకము పట్టలేవు. చూపు మందగించిన తాతలున్నారు. వారికి రోజూ పావుగంట చదివి వినిపించడము ఉపకారము కాదు, బాకీ తీర్చుకొనడము.

వినిపించిన తరువాత వెంటనే లేచిపోకండి. 'దీనిమీద నీవేమంటావు అవ్వా?' అని అడగండి. పుస్తకములో లేని సంగతి ఆమె చెబుతుంది. కరవు ఎలా గడిచిందో, ఊరిలో బడి ఎవరు పెట్టించారో, మందిరపు రాళ్లు ఎవరు మోశారో చెబుతుంది. ఈ శతవార్షికోత్సవమునకు మనము వెతుకుతున్న చరిత్రలో సగము ఆమె దగ్గరనే ఉన్నది. ఎదుటి మనిషిని అడ్డు తగలకుండ వినడము అన్ని వినికిడులలోకి కష్టమైనది, అన్నింటికంటె అవసరమైనది.

ఈ మూడింటికి తోడు ఒక చిన్న నోటుపుస్తకము ఉంచుకోండి. తేదీ, చదివినది, విన్నది, ఒక్క వాక్యములో తోచినది వ్రాయండి. రెండు నిమిషముల పని. వారమునకొకసారి వెనుకకు తిప్పి చూడండి. ఎబ్బింగ్‌హౌస్ చెప్పిన మరపుకు ఇది అడ్డుకట్ట.

'ఇంటిపనితో మాకు ముప్పావుగంట ఎక్కడిదండీ?' అని తల్లులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పవలసినవారు ఇంటిలోని మగవారు, ఎదిగిన పిల్లలు. గిన్నెలు తోమడములో ఒకరు చేయి కలిపితే ఆమెకు పావుగంట దొరుకుతుంది. రాత్రిపాళీ చేసేవారు వేళలు మార్చుకోవచ్చును. వేళ ఏదైనా, అది నియమముగా ఉండడమే ముఖ్యము. జ్వరము వచ్చి, పెండ్లి వచ్చి రెండు రోజులు తప్పితే, తప్పిందని మానుకోకండి. మూడవరోజు యథావిధిగా కూర్చోండి. పోయిన రోజుల బాకీ ఒకేసారి తీర్చబోయేవాడు నాలుగవరోజుకు అలసిపోతాడు.

సంఘములకు ఒక మనవి. ప్రతి మందిరములో ఒక బీరువా, నలభై మంచి పుస్తకములు, తాళము తీసి ఇచ్చే ఒక మనిషి ఉంటే చాలు. తాళము వేసి ఉంచిన బీరువా అలంకారమే అవుతుంది. పుస్తకము నలగాలి, అట్ట చినగాలి, మళ్లీ అంటించాలి. ఆదివారపు బడిలో ప్రతివారము ఒక బిడ్డ తాను చదివినది అయిదు నిమిషములు చెప్పాలి, పెద్దలు కూర్చుండి వినాలి.

ముప్పావుగంట చదువుతో అందరమూ పండితులము కాము. కాని ఎవరైనా కాగితము చేతికిస్తే పూర్తిగా చదివి గాని సంతకము పెట్టనివారము అవుతాము. ఎవరైనా పుకారు చెవిలో వేస్తే నిజమేదో అడిగేవారము అవుతాము. భార్య మాట, బిడ్డ మాట, ముసలివారి మాట చివరివరకు వినేవారము అవుతాము. మన పెద్దలు కోరుకున్న చదువు ఇదే.