అంటక దాటు విద్యుత్తు



ఈ ప్రసంగము చేయుటకు నాకు ముప్పదియేండ్లకు పైబడిన యొక ఋణము కారణము. 1988 ప్రాంతమున నేను ఇల్లందులో తెలుగు పండితుడను. ఒకనాడు విజ్ఞానశాస్త్రము చెప్పు నుపాధ్యాయుడు సెలవు పెట్టగా ఆ తరగతికి నన్ను పంపిరి. వెనుక బల్లమీది బాలు డొకడు లేచి, "సార్, తీగలు తాకకుండ కరెంటు పోతదా?" అని యడిగెను. వాని తండ్రి బొగ్గుగనిలో పని చేయువాడు. నేను తర్కశాస్త్రము చదివిన గర్వముతో, సంయోగము లేనిదే కార్యము లేదంటిని. తరగతి నవ్వెను. వాడు కూర్చుండెను.

వాని ప్రశ్న వేడుకకు పుట్టినది కాదు. బొగ్గుట్ట యని జనులు పిలుచు మా యూరి ప్రాంతమున 1871లో విలియం కింగు బొగ్గును గుర్తించెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. బొగ్గుపొరలనుండి మీథేను వాయువు వెలువడును. గాలిలో నది నూటికి ఐదు మొదలు పదునైదు పాళ్లు కలిసియున్నపుడు ఒక్క నిప్పురవ్వ చాలును. 1815లో హంఫ్రీ డేవీ జ్వాల చుట్టును సన్నని తీగవలను అమర్చి రక్షణదీపమును చేసెను. వల వేడిని పీల్చుకొనుటచే మంట వెలుపలికి పోదు. విద్యుద్దీపము వచ్చిన పిమ్మట జ్వాల పోయినది గాని, ప్లగ్గు ఊడదీయునపుడు లోహము లోహమును విడుచు చోట చిటుక్కున మెరయు రవ్వ మిగిలినది. బాలుడు ఆ రవ్వను గూర్చి యడిగెను. నేను గ్రహింపనైతిని.

వాని కప్పుడు చెప్పవలసిన సమాధాన మప్పటికే నూటయేబదియేండ్ల నాటిది. 1831 ఆగష్టు 29వ తేదీన మైకేల్ ఫారడే ఇనుప కడియమునకు రెండుప్రక్కల రెండు తీగచుట్టలు చుట్టెను. ఒక దానికి బ్యాటరీ తగిలించిన క్షణమున, తీసిన క్షణమునను, రెండవదానికి కలిపిన సూది కదలెను. నడుమ నిలుకడగా ప్రవాహము పారుచున్నంతసేపు సూది కదలలేదు. కీలకమంతయు నిందే యున్నది. ప్రవాహ ముండుట చాలదు, మారవలెను. మారు ప్రవాహము చుట్టును మారు అయస్కాంతక్షేత్రమును పుట్టించును. అది రెండవ చుట్టలో విద్యుత్తును ప్రేరేపించును. మన యిండ్లకు వచ్చు ప్రవాహము సెకనున కేబది ఆవృత్తులు చేయుచుండును గనుక ఈ పనికి తగును.

అయస్కాంత మనగా ఇనుమునకు ప్రియమైనదని యర్థము. సూది దానివైపు నడచుటకు కణాదమహర్షి అదృష్టమును కారణముగా చెప్పెను. నావంటి వాడు ఆ మాటతో తృప్తిపడి పుస్తకము మూసెను.

చుట్టలను విడదీయదగినవిగా చేసినచో లోహపు ముళ్లతో పనిలేదు. రెంటిని వేర్వేరుగా మూసిపెట్టి, ఎదురెదురుగా నుంచినచో విద్యుత్తు దాటును, తీసివేసినచో ఆగును, ఆ యెడబాటు చోట రవ్వ పుట్టదు. 1894లోనే హుటిన్, లెబ్లాంక్ అను నిద్దరు రైలుబండ్లకు ఈ తీరున శక్తి నందించు పద్ధతికి పేటెంటు పొందిరి. చుట్టలు దూరమైన కొలది శక్తి వేగముగా క్షీణించుట దీని పెద్ద లోపము. 2007లో అమెరికాలోని ఎం.ఐ.టి. శాస్త్రజ్ఞులు రెండుచుట్టలను ఒకే స్వాభావిక స్పందనకు శ్రుతిచేసి రెండు మీటర్ల దూరమున 60 వాట్ల దీపమును వెలిగించిరి. చుట్టనుండి చుట్టకు చేరినది నూటికి సుమారు నలుబది పాళ్లే. నేడు సెల్‌ఫోనులకు వాడు పలకలో ప్రవాహము సెకనునకు లక్షమారులకు పైగా ఊగును.

అట్టి పలకనే నా మనుమరాలు తెచ్చి నా ఫోనును దానిపై పెట్టెను. తీగ లేదు, ఫోను నిండుచున్నది. వెనుకబల్ల బాలుడు నా కన్నులకు కట్టెను.

వానిని వెదకికొని పోయితిని. తండ్రి పని యతనికే వచ్చినది. ఇపుడు తల నెరసినది. "అప్పుడు నీవే సరి, నేనే తప్పు" అంటిని. అతడు చాలసేపు మాటాడక, "ఆ సంగతి మీకింక యాదున్నదా సార్?" అనెను. భార్యను పిలిచి చాయ్ పెట్టుమనెను.

మరునాడు ఇనుప సువ్వల కట్టపై కొన్నివందల చుట్లు సన్నని రాగితీగ చుట్టి, చిన్న ట్రాన్స్‌ఫార్మరునుండి 12 వోల్టులు ఇచ్చితిమి. ఇంటి 230 వోల్టులను తిన్నగా చుట్టకు కలుపరాదు, ప్రాణాపాయము. వేరొక చుట్టకు ఎల్.ఈ.డి. దీపమును కట్టి కట్టమీదికి దింపగా వెలిగెను; పైకెత్తగా నారెను. అతడు పదిమార్లు దింపి యెత్తెను. పిమ్మట తన వృత్తికి తగినట్లు, "నడుమ బొగ్గుదుమ్ము పడితే?" అనెను. పలుచని దుమ్ము అడ్డుగాదంటిని. "ఇనుప రేకు పడితే?" అనెను. రేకులో సుడిప్రవాహములు పుట్టి అది వేడెక్కును. మీథేను ఉన్నచోట ఆ వేడియు భయమే. కావున అన్యలోహము చేరినచో ప్రవాహమును నిలిపివేయు ఏర్పాటు తప్పక యుండవలెను.

ఈమా రతడు తల యూపి, చేతిలోని చుట్టను త్రిప్పి చూచుచు, ఇంకొక ప్రశ్న మొదలుపెట్టెను. నేను కాగితము తీసికొంటిని.