రంగం చేరిన టపా

పట్టాలు అందుకున్న కంప్యూటర్ సైన్సు విద్యార్థులకు, వెనక వరుసల్లో కూర్చున్న వాళ్ల అమ్మానాన్నలకు అభినందనలు.

కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లు రంగూన్‌ను, అంటే నేటి యాంగాన్‌ను, 'రంగం' అన్నారు. అక్కడ వాళ్లకు, ఏ ఊరివాళ్లయినా సరే, 'కోరంగీలు' అనే పేరు పడింది. సముద్రం దాటేసరికి ఊరి పేరూ మారింది, మనిషి పేరూ మారింది. ఇప్పుడు టపాలు సర్వర్లు దాటుతున్నాయి. దారిలో వాటికేమవుతోందో కనిపెట్టడం ఈ పట్టభద్రుల్లో కొందరికి రేపటి ఉద్యోగం.

యాంగాన్‌కు ఈ అవస్థ పాతదే. అక్కడి ఫోన్లలో బర్మీస్ అక్షరాలకు ఏళ్ల తరబడి జోజీ, యూనికోడ్ అని రెండు పద్ధతులు నడిచాయి. బర్మీస్‌లో 'నే' అంటే సూర్యుడు. రాతలో ఏత్వం 'న'కు ఎడమ పక్కన ఉంటుంది. జోజీ కంటికి కనిపించిన వరుసలోనే ఏత్వాన్ని ముందు, 'న'ను తర్వాత భద్రపరిచేది. యూనికోడ్‌లో 'న' ముందు, ఏత్వం తర్వాత. జోజీలో కొట్టిన 'నే'ను యూనికోడ్ ఫోన్లో తెరిస్తే ఏత్వం ఆసరా లేక చుక్కల సున్నాను పట్టుకు వేలాడేది. 2019 అక్టోబరు 1న మయన్మార్ దేశం అధికారికంగా యూనికోడ్‌కు మారింది. ఏ టపా ఏ పద్ధతిలో ఉందో పసిగట్టి, చూసేవాళ్ల ఫోనుకు తగ్గట్టు మార్చే ఏర్పాటు ఫేస్‌బుక్ చేసింది. రెండు కొసలూ దాని చేతిలోనే ఉన్నాయి కనుక సాధ్యమైంది.

2021 ఫిబ్రవరి 1న అక్కడ సైన్యం అధికారం చేజిక్కించుకుంది. 4న ఫేస్‌బుక్‌ను, 5న ట్విట్టర్, ఇన్‌స్టాగ్రామ్‌లను ఆపించింది.

ఫెడరేటెడ్ నెట్‌వర్కుల్లో అలా మూసేయడానికి ఒకే సింహద్వారం ఉండదు. మాస్టోడాన్, మిస్‌కీ, లెమ్మీల్లో ఎవరి సర్వరు వాళ్లదే. వాటి మధ్య మాటలు నడిపే యాక్టివిటీపబ్‌ను వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీ 2018 జనవరి 23న ప్రమాణంగా ప్రకటించింది. భాష ఒకటే అయినా యాసలు వేరు. మిస్‌కీలో పెట్టిన నవ్వు ఎమోజీ మాస్టోడాన్‌లో ఉత్త 'ఫేవరెట్'గా లెక్కపడుతుంది. లెమ్మీ డౌన్‌ఓటు అక్కడ కనిపించనే కనిపించదు. మాస్టోడాన్ మామూలుగా 500 అక్షరాలు రాయనిస్తుంది, బ్లూస్కై 300. బ్లూస్కై ప్రోటోకాల్ వేరు కాబట్టి బ్రిడ్జీ ఫెడ్ అనే వంతెన కావాలి. పొడుగాటి టపా ఆ వంతెన మీద తెగి, చివర అసలు టపాకు లింకు తగిలించుకుని అవతలికి చేరుతుంది.

అన్నిటికన్నా చిక్కు తొలగింపుతో. 'డిలీట్' నొక్కితే మిగతా సర్వర్లకు వెళ్లేది అభ్యర్థన మాత్రమే. రోజుల తరబడి మూతపడిన సర్వరులో పాత ప్రతి అలాగే ఉండిపోవచ్చు. సైనికులు దారిలో ఆపి ఫోన్లు వెతికిన యాంగాన్‌లో దాన్ని చిన్న బగ్ అని ఎవరూ అనుకోరు.

టపాలకు దారిలో ఏమవుతోందో చూసే పరీక్షను పట్టభద్రులు ఇవాళ సాయంత్రమే మొదలుపెట్టవచ్చు. మూడు సర్వర్లు, మూడు ఖాతాలు. ఒకచోట 'నే' అని టపా, ఇంకోచోట దానికి జవాబు, ఆ తర్వాత ఒక సవరణ. మూడో సర్వరును కావాలనే ఆపి, అప్పుడు టపాను తొలగించాలి. వారం పోయాక ఆ సర్వరును లేపి, అక్కడ సూర్యుడు ఇంకా వెలుగుతున్నాడేమో చూసి రాసుకోవాలి.