యంత్రము చెంత నిరీక్షణ



1957లో నెలకొని, ఈ మెట్టసీమకు తరతరముల వైద్యులనిచ్చిన కర్నూలు వైద్య కళాశాల సభలో నేడు పట్టభద్రులగుచున్న యువవైద్యులగు మీ యెదుట నేనొక్క ప్రశ్ననే యుంచదలచితిని: ఆకస్మికముగా మూత్రపిండములు చెడి ప్రాణాపాయస్థితిలోనున్న రోగికి డయాలసిస్ ఎప్పుడు ఆరంభింపవలెను?

1945లో హాలండు దేశపు కాంపెన్ పట్టణమున విల్లెం కోల్ఫ్ అను వైద్యుడు, కొయ్యబద్దల పీపాకు సెల్లోఫేను గొట్టమును చుట్టి త్రిప్పుచు, 67 ఏండ్ల స్త్రీని మృత్యుముఖమునుండి తప్పించిన నాటినుండి, ఇంత మేలుచేయు యంత్రమును మరింత ముందుగా పెట్టినచో మరింత మేలగునను తలంపు వైద్యులలో వేళ్లూనినది. 2016లో ఒక జర్మను ఆసుపత్రిలో 231 మందిపై జరిగిన పరిశోధన దానిని బలపరచెను. ఆ యేడే ఫ్రాన్సులో 620 మందిని పరిశీలింపగా, తొందరించినను వేచియున్నను మరణములు సమానమేయనియు, వేచిన వారిలో దాదాపు సగము మందికి యంత్రమే అక్కరలేకపోయెననియు తేలినది. 2020లో 15 దేశములలో సుమారు మూడువేల మందిపై జరిగిన మహాపరిశోధనయు మరణములలో భేదము లేదనియే చెప్పెను. అంతేకాక, తొందరించిన పక్షమున బ్రతికినవారిలో నూటికి పదిమంది 90 దినముల పిమ్మటను యంత్రమును వీడలేకపోగా, వేచిన పక్షమున అట్టివారు ఆరుగురే.

పత్తికొండ ప్రాంతమున చెనిక్కాయల చెట్లు పెరుకు దినములలో రక్తపింజరి కరచిన యువకుడొకడు నా వార్డునకు వచ్చెను. పొడిగానున్న గాజునాళికలో అతని రక్తమును 20 నిమిషములు కదల్పక నిలిపి వంచి చూడగా, అది గడ్డకట్టక నీరువలె జారెను. విరుగుడు మందెక్కించితిమి, కాని అది విషమునకు విరుగుడేగాని అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండమునకు కాదు గదా! మరునాటికి గంటకు పది మిల్లీలీటర్ల మూత్రమైనను రాదాయెను, క్రియాటినిన్ ఆరు దాటెను. "మిషను పెట్టకుండా ఏం చూస్తాండారు సార్?" అని తల్లి అడిగినది. న్యాయమైన ప్రశ్న. పొటాషియం ఆరు చేరలేదు, రక్తమున ఆమ్లత్వము మితిమీరలేదు, ఊపిరితిత్తులలో నీరు చేరలేదు. రక్తము గడ్డకట్టని వాని మెడసిరలో గొట్టము గ్రుచ్చుటయు, డయాలసిస్ వేళ రక్తపోటు పడి గాయపడిన మూత్రపిండమును మరల నొప్పించుటయు చిన్న ప్రమాదములు కావు. ఆ లక్షణములలో ఏ ఒక్కటి కనిపించినను క్షణమాగమని ఆమెకు చెప్పి, గంటగంటకు మూత్రపు సంచి చూచుచు, ఆరు గంటలకొకమారు రక్తపరీక్ష చేయించుచు కూర్చుంటిని. మూడవనాటి తెల్లవారుజామున సంచి అడుగున వ్రేలిమందమున లేత పసుపునీరు నిలిచినది. మధ్యాహ్నమునకు సగము నిండెను. ఆ తల్లి సంచిని తాకి, "వెచ్చగుంది సార్" అన్నది.

ఈ కథను మాత్రమే మీరు వెంట గొనిపోయినచో నేను మీకు అపకారము చేసినవాడనగుదును. ఆ పరిశోధనలలోని రోగులు యంత్రమునకు కూతవేటు దూరముననే యుండిరి. మన రోగి అట్లుండడు. ఒక వేసవిలో వాంతులు, విరేచనములతో శోషించిన కూలియమ్మను, డయాలసిస్ లేని చోట "చూతము, చూతము" అని మూడు దినములుంచి, ఊపిరాడని స్థితిలో ఇక్కడికి పంపిరి. పొటాషియం ఎనిమిదికి చేరువగానుండెను. గొట్టము వేయుచుండగనే గుండె ఆగినది. 2021లో ఫ్రెంచి వైద్యులు మరల పరీక్షించి, నిరీక్షణను మరీ సాగదీసినందున లాభము లేదనియు, కీడు కలుగవచ్చుననియు చెప్పిరి. మాకు ఆ సంగతి ఆ కూలియమ్మ శవము ముందుగనే చెప్పినది. నిరీక్షించుడు, కాని యంత్రము చెంత నిరీక్షించుడు.

మీలో ఆలూరునకో, ఆళ్లగడ్డకో, రాయచోటికో, పులివెందులకో పోవువారు, రోగికి మూత్రము తగ్గిన ఆరు గంటలలోనే యంత్రమున్న ఊరి దారిని, అంబులెన్సును తలచుకొనుడు. కర్నూలునకో కడపకో పంపునపుడు చీటీపై గంటగంటకు వచ్చిన మూత్రప్రమాణమును, ఎక్కించిన సెలైనును, కడపటి పొటాషియమును స్పష్టముగ వ్రాయుడు. అర్ధరాత్రియైనను ఆ చీటీని వాకిటనే నిలిచి చదువుదును.