సాటివాళ్లంటే ఎవరు?

గూడూరు సభకు వచ్చిన అన్నలకు, అక్కలకు, ముఖ్యంగా డిగ్రీలు, పీజీలు చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట.

యానాదుల మీద, ఎరుకల మీద పరిశోధన వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. తప్పు రాశారేంటని అడిగితే "ఇది పీర్ రివ్యూ అయింది" అంటారు. ఆ మాటకి మనం నోరు మూసుకోవాలా?

పీర్ రివ్యూ అంటే ఇదీ. వ్యాసం రాగానే సంపాదకుడు దాన్ని అదే రంగంలో ఉన్న ఇద్దరు ముగ్గురు నిపుణులకి పంపుతాడు. వాళ్లు ఎక్కువగా జీతం లేకుండానే, పేరు బయటపడకుండా తప్పులు పడతారు. మంచి పద్ధతే. లెక్క తప్పినా, ఆధారం లేకపోయినా ఆపుతుంది. కానీ వాళ్లు చూసేది కాగితాన్ని. మన కాలనీకి రారు. పది ఇళ్లు తిరిగి వంద అని రాస్తే వాళ్లకెలా తెలుస్తుంది?

కొన్నిచోట్ల కాగితం కూడా సరిగ్గా చూడరు. హైదరాబాద్‌కి చెందిన ఓమిక్స్ మీద 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసింది. సరైన సమీక్ష లేకుండానే చేశామని చెప్పుకుని రచయితల దగ్గర డబ్బు తీసుకుంటోందని ఆరోపణ. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

పోనీ, పేరున్న పత్రికైతే చాలా? 2010లో 'నేచర్'లో ఆఫ్రికా శాన్ ప్రజల జన్యువుల మీద వ్యాసం వచ్చింది. నిపుణుల సమీక్ష దాటే వచ్చింది. తమ గురించి వాడిన మాటలు కించపరిచేలా ఉన్నాయని శాన్ నాయకులు అభ్యంతరం చెప్పారు. నిపుణులు ఆపని మాట వాళ్లకి గుచ్చుకుంది. 2017లో దక్షిణాఫ్రికా శాన్ ప్రజలు తమ మీద జరిగే పరిశోధనలకు సొంత నియమావళి తెచ్చుకున్నారు.

పీర్ అంటే సాటివాడు. ఎలుకలు పట్టే పని గురించి రాస్తే, ఆ పని చేసేవాడు కూడా సాటివాడే కదా? నిపుణుణ్ణి లేపేయమనట్లేదు. పక్కన మనకీ ఒక కుర్చీ వేయమంటున్నాం.

మీ కాలనీకి ఎవరైనా ఫారాలు పట్టుకుని వస్తే మూడు అడగండి. ఏ పత్రికకి రాస్తున్నారు? అచ్చుకి ముందు మాకు తెలుగులో చదివి వినిపిస్తారా? మేం తప్పు చెబితే దిద్దుతారా?

అచ్చయిపోయినా వదలొద్దు. ఆధారాలతో సంపాదకుడికి రాయండి. అచ్చయిన వ్యాసాన్ని కూడా సవరించొచ్చు, వెనక్కి తీసుకోవచ్చు. ఆ ఉత్తరం రాయడానికి మీ చదువు చాలు.